యోగ బోధన: బోధకునికే ఒక సాధన

ఈ మధ్య నా వైద్యశాలకు వచ్చేవారి నోట ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. "వైద్యులుగారూ, పది సంవత్సరాలుగా ఆసనాలు వేస్తున్నాను. ఇరుగుపొరుగువారు తమకూ నేర్పమంటున్నారు. నేర్పవచ్చునా? నాకు అంత అర్హత ఉన్నదంటారా?" అని అడిగేవారిలో పదవీ విరమణ చేసినవారు, పిల్లలు పెద్దవారై కొంత తీరిక చిక్కిన గృహిణులు ఎక్కువ. వారికి విడివిడిగా చెప్పిన సమాధానాన్నే ఇక్కడ విస్తరించి వ్రాస్తున్నాను. ఇందులో శాస్త్రం కొంత, అనుభవం కొంత ఉన్నవి. నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా ఉన్నది.

ముందుగా శాస్త్రం. చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, శాస్త్రజ్ఞానం సంపాదించుకొనడానికి మూడు ఉపాయాలు చెప్పబడినవి. మొదటిది అధ్యయనం, అనగా గురువు వద్ద చదువుకొనుట. చివరిది తద్విద్యా సంభాష, అనగా అదే విద్య ఎరిగినవారితో చర్చించుట. ఈ రెంటి నడుమ చరకుడు ఉంచినది అధ్యాపనం, అంటే ఇతరులకు చదువు చెప్పుట. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. చదువు చెప్పడాన్ని ఆయన చదువు ముగిసిన తరువాత చేసే దానంగా ఇక్కడ పేర్కొనలేదు. చదువు సంపాదించే మార్గాలలోనే దానిని లెక్కించాడు. వ్యాకరణ మహాభాష్యంలో పతంజలి కూడా విద్య నాలుగు కాలాలలో ఫలిస్తుందని చెబుతూ, గురుముఖతః వినే కాలం, తనలో తాను మననం చేసుకొనే కాలం, ఇతరులకు ప్రవచించే కాలం, లోకవ్యవహారంలో వినియోగించే కాలం అని వరుస పెట్టాడు. (ఈ పతంజలి, యోగసూత్రాలు వ్రాసిన పతంజలి ఒక్కరేనా అనే వివాదం పండితులకు వదిలివేద్దాం.)

నేను 1970లో, నా పన్నెండవ ఏట, కోనసీమలోని ఒక అగ్రహారంలో మా గురువుగారి ఇంట చేరాను. ఎనిమిది సంవత్సరాలు అక్కడే భోజనం, అక్కడే చదువు. అష్టాంగహృదయం సూత్రస్థానం కంఠస్థమయ్యే వరకు మందు నూరే కల్వాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. నాలుగు సంవత్సరాలు గడిచిన తరువాత ఒకనాడు, కొత్తగా చేరిన పదేళ్ల పిల్లవాణ్ణి నా ముందు కూర్చోబెట్టి, "దినచర్యాధ్యాయం వీడికి నువ్వు చెప్పు" అన్నారు. శ్లోకాలు నాకు తడుముకోకుండా వచ్చును. అర్థమూ వచ్చుననే అనుకున్నాను. వ్యాయామ ప్రకరణం చెబుతుండగా ఆ పిల్లవాడు, "అన్నయ్యా, వ్యాయామం సగం బలంతోనే చెయ్యాలంటున్నావు గదా, సగం అయినట్టు ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అరుగు మీద మూలికలు ఆరబెడుతున్న గురువుగారు అంతా విన్నారు గాని మందలించలేదు. "శ్లోకం నీకు వచ్చిందో లేదో నిన్నడిగితే ఏం తెలుస్తుందిరా? వాడి ముఖం చూడు, తెలుస్తుంది" అని మాత్రం అన్నారు.

యోగం మాకు పుస్తకం పట్టించి చెప్పలేదు. తెల్లవారుజామున వైనతేయ రేవులో స్నానాలు ముగించి మెట్ల మీద కూర్చుంటే, ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా చెప్పేవారు. నాకంటె చిన్నవాడికి కుంభకం చెప్పారు. నాకు మాత్రం రెండు సంవత్సరాలపాటు శ్వాసను నెమ్మదిగా విడవడం తప్ప మరేమీ చెప్పలేదు. అది నాకు అవమానంగా తోచేది. కారణం అడిగే ధైర్యం లేకపోయింది. నాకు సమాధానం దొరికేసరికి మరి ముప్పై సంవత్సరాలు పట్టినది.

రామాలయ మండపం

రాజమహేంద్రవరంలో వైద్యం చేస్తూ స్థిరపడిన చాలాకాలానికి, 2003లో, మా వీధి రామాలయ మండపంలో యోగ తరగతి ప్రారంభించాను. మలబద్ధకం, నిద్రలేమి, నడుము నొప్పి వంటి బాధలతో వచ్చేవారు మందు వాడినన్నాళ్లు బాగుండి, ఆపగానే మళ్లీ వస్తూ ఉండేవారు. నిత్యజీవితంలో ఏదో ఒక మార్పు రానిదే ఇది తెగదని తోచి మొదలుపెట్టిన పని అది. మొదట పన్నెండు మంది వచ్చేవారు. రెండు సంవత్సరాలలో నలభై మంది అయ్యారు. మండపం చాలక ఆవరణలో కూడా జంపఖానాలు పరచవలసి వచ్చింది.

ఆ రోజులలో నేను ఎత్తైన గట్టు మీద కూర్చొని, గంటసేపు తరగతిలో అరగంట ఉపన్యసించేవాడిని. అందరికీ ఒకే పాఠం, ఒకే వరుస. సోమవారం ఏ ఆసనమో, శనివారం ఏ ప్రాణాయామమో ముందే నిర్ణయించి పెట్టుకునేవాడిని. నిజం చెప్పవలెనంటే, ఆనాడు బోధనలో నాకు కలిగిన ఆనందంలో అధికభాగం నా కంఠస్వరం నేను వినడంలోనే ఉన్నది. పదిహేనవ శతాబ్దికి చెందినదని పండితులు చెప్పే హఠయోగ ప్రదీపికలో, యోగాన్ని చెడగొట్టేవి ఆరు అని చెప్పబడినవి: అతిగా తినుట, అతిగా శ్రమించుట, అతిగా మాట్లాడుట, నియమాలను మొండిగా పట్టుకొనుట, జనసాంగత్యం, చాపల్యం. ఈ జాబితాను నేను తరగతిలో ఎన్నోసార్లు వివరించాను. మూడవదీ నాలుగవదీ వివరిస్తున్నవాడిలోనే ఉన్నవని ఏనాడూ తట్టలేదు.

2006 వేసవిలో ఆ సంగతి జరిగింది. లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి మా తరగతికి వచ్చేవారు. అరవై దాటినా ఒక్కరోజు మానేవారు కాదు. ఆ నెలలో అందరికీ సర్వాంగాసనం నేర్పాను. ఆయన పట్టుదలతో సాధించి, నిత్యం ఇంటివద్ద కూడా వేయసాగారు. కొన్ని వారాలకు కంటిలో నొప్పి, తలపోటు, చూపు మసకబారడం మొదలయ్యాయి. ఆయనకు నీటికాసుల వ్యాధి ఉన్నది. ఎన్నో ఏళ్లుగా కంటిలో చుక్కల మందు వేసుకుంటున్నారు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తల కిందికి, కాళ్లు పైకి ఉండే ఆసనాలలో కంటిలోని ఒత్తిడి పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు అది పట్టించుకోవలసిన విషయం కాకపోవచ్చు గాని, ఆ వ్యాధి ఉన్నవారికి చూపు మీదికి రావచ్చును. నేత్రవైద్యుడు పరీక్షించి, ఒత్తిడి బాగా పెరిగిందని, ఆసనం వెంటనే మానవలెనని చెప్పి మందులు మార్చారు.

మరునాడు మాస్టారి అమ్మాయి వైద్యశాలకు వచ్చింది. కోపంతో కేకలు వేయలేదు. బల్ల ముందు కూర్చొని, "మా నాన్నగారికి కషాయం ఇచ్చేటప్పుడు మీరు నాడి చూశారు, నాలుక చూశారు, ఏం తింటారో ఎంతసేపు నిద్రపోతారో అన్నీ అడిగారు. ఆసనం చెప్పేముందు ఒక్క మాటైనా అడగలేదేమండీ?" అన్నది.

ఆ ప్రశ్నకు నావద్ద సమాధానం లేదు. చిటికెడు చూర్ణం ఇవ్వడానికి ప్రకృతి, వయస్సు, బలం, అగ్ని, ఋతువు విచారించే వైద్యుణ్ణి, నలభై శరీరాలకు ఒకే ఆసనాన్ని పంచిపెట్టాను. ఆసనం మందు కాదనుకున్నానేమో తెలియదు. అలా అనుకుంటే అసలు తరగతి ఎందుకు పెట్టినట్లు?

తరగతి మూసివేశాను. మాస్టారి కంటి ఒత్తిడి అదుపులోకి రావడానికి నెలరోజులకు పైగా పట్టింది. చూపు నిలిచింది. అది తెలిసిన రోజున వారి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకొని, ఇకమీదట వైద్యం తప్ప మరేమీ చేయదలచుకోలేదని అన్నాను. ఆయన వాలుకుర్చీలో నుంచి లేచి కూర్చొని, "లెక్క తప్పితే పలక తుడిచి మళ్లీ చేయించేవాణ్ణి గాని, బడి మూయలేదండీ వైద్యులుగారూ. నాకు ఏది పనికివస్తుందో అది చెప్పండి, వస్తాను" అన్నారు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆ గ్లాసు చేత పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. వైనతేయ మెట్ల మీద గురువుగారు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఎందుకు చెప్పారో ఆనాడు బోధపడినది. తొందరపాటు స్వభావం, పైపైన ఆడే శ్వాస, వాతం హెచ్చిన శరీరం గల కుర్రవాడికి ఆయన నెమ్మదిగా విడవడమే మందుగా ఇచ్చారు. ప్రాణవాయువును సింహాన్నో ఏనుగునో పులినో మచ్చిక చేసినట్లు మెల్లమెల్లగా వశపరచుకొనవలెనని, తొందరపడితే ఎక్కిళ్లు, ఉబ్బసం, దగ్గు, తలపోటు, చెవిపోటు, కంటి బాధలు కలుగుతాయని హఠయోగ ప్రదీపిక హెచ్చరిస్తున్నది. షట్కర్మలు కూడా మేదస్సు, శ్లేష్మం హెచ్చినవారికే గాని అందరికీ అవసరం లేదని ఆ గ్రంథంలోనే ఉన్నది. నేను చదవనిది కాదు. చెప్పనిదీ కాదు.

అర్ధశక్తి

రెండు నెలల తరువాత మళ్లీ ప్రారంభించినప్పుడు గట్టు ఎక్కలేదు. ఎనిమిది మందితో, ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టాను. ప్రతివారికి ఒక పేజీ. రక్తపోటు, మధుమేహం, గుండె, కన్ను, మెడ, నడుము, జరిగిన ఆపరేషన్లు, వాడుతున్న మందులు, ఆడవారికి గర్భం, కాన్పులు - ఇవన్నీ అడిగి వ్రాసుకున్న తరువాతనే చాప పరచుట. పదిమందిలో చెప్పుకోవడానికి సంకోచించేవారు కొందరుంటారు. వారిని ముందుగా ఒంటరిగా అడగవలెను.

చిన్ననాడు ఆ పిల్లవాడు వేసిన ప్రశ్న ఇప్పుడు నాకే పనికివచ్చినది. వ్యాయామం చేస్తూ ఉండగా వాయువు నోటికి చేరడం, అంటే ముక్కుతో ఆడే శ్వాస చాలక నోరు తెరవవలసి రావడం సగం బలానికి గుర్తు అని సుశ్రుత సంహితలో ఉన్నది. నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్లవద్ద చెమట పట్టడం, నోరు ఎండడం కూడా గుర్తులని ఇతర వైద్యగ్రంథాలు చెబుతున్నవి. బలవంతులు, నెయ్యి నూనెలతో కూడిన ఆహారం తినేవారు సైతం శీతకాలంలోను వసంతంలోను మాత్రమే సగం బలం వినియోగించవలెనని, మిగిలిన ఋతువులలో ఇంకా తగ్గించవలెనని వాగ్భటుడు నియమం పెట్టాడు. మన ప్రాంతపు ఎండలలో మే నెలలో నలభై సూర్యనమస్కారాలు చేయించే ఉత్సాహవంతులు ఈ మాటను గుర్తుంచుకుంటే మేలు.

ఈ గుర్తులు శ్లోకంలో చదివితే పట్టుబడవు. ఎదుటివారి ముఖం చూస్తూ ఉండగా పట్టుబడతాయి. పెదవి విడివడిందా, కనుబొమలు ముడిపడ్డాయా, మెడ నరం ఉబ్బిందా అని చూడడం అలవాటయ్యేసరికి నా మాటలు వాటంతట అవే తగ్గిపోయినవి. ఒకవైపు ఉపన్యసిస్తూ మరొకవైపు గమనించుట సాధ్యం కాదు. విచిత్రమేమంటే, అక్కడ అలవాటైన చూపు వైద్యశాలలో కూడా నాతో వచ్చింది. రోగి గుమ్మం దాటి కుర్చీలో కూర్చొనే లోపలే అతని శ్వాస ఎక్కడ ఆడుతున్నదో తెలిసేది. ముప్పై ఏళ్ల వైద్యం ఇవ్వనిదాన్ని పదిహేను చాపలు ఇచ్చాయంటే అతిశయోక్తి కాదు.

ఇటువంటి అనుభవం నా ఒక్కడిదే కాదని తరువాత తెలిసింది. ప్రసిద్ధ యోగాచార్యులు బి.కె.ఎస్. అయ్యంగారు (1918-2014) బాల్యంలో వ్యాధులతో కృశించినవారు. మైసూరులో కృష్ణమాచార్యుల వద్ద కొద్దికాలం మాత్రమే నేర్చుకొని, 1937లో, ఇరవై ఏళ్లయినా నిండని వయస్సులో, బోధకునిగా పూనాకు పంపబడ్డారు. అక్కడి విద్యార్థులలో తనకంటె దృఢకాయులు ఉన్నారు. వారికి చెప్పడానికి తాను గంటల తరబడి సాధన చేస్తూ, ఏ అవయవం ఎలా కదులుతున్నదో తనమీదనే పరీక్షించుకుంటూ నేర్చుకున్నారు. 1966లో వెలువడిన ఆయన గ్రంథం 'లైట్ ఆన్ యోగా'లో 200 ఆసనాలు, సుమారు 600 ఛాయాచిత్రాలు ఉన్నవి. తరువాతి కాలంలో ఆయన పద్ధతికి గుర్తుగా నిలిచిన తాళ్లు, పట్టీలు, దిమ్మెలు, కుర్చీలు కూడా వంగని శరీరాలకు నేర్పవలసి వచ్చినందువల్లనే ప్రవేశించినవి. చక్కగా వంగేవారే శిష్యులై ఉంటే వాటి అవసరమే కలిగేది కాదు.

ఒక గృహిణి సంగతి కూడా చెప్పవలెను. ఆమె శవాసనంలో పడుకోగానే గురక పెట్టేది. చుట్టూ ఉన్నవారు నవ్వేవారు. ఒకనాడు కాస్త విసుగ్గా, "ఇది నిద్ర కాదమ్మా, ఎరుకతో ఉండాలి" అన్నాను. ఆమె సిగ్గుపడి రెండు రోజులు రాలేదు. మూడవనాడు వచ్చి, మంచాన పడిన అత్తగారికి రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చవలసి వస్తున్నదని, పగలు నిద్రకు తావు లేదని మెల్లగా చెప్పింది. ఆమె పేజీలో రక్తపోటు, నడుము నొప్పి వ్రాసుకున్నాను గాని, రాత్రులు ఎలా గడుస్తున్నాయో వ్రాసుకోలేదు. ఆనాటినుండి ఆమెకు ఆసనాలు తగ్గించి, శవాసనం ఇరవై నిమిషాలు చేశాను. నిద్రపోతే పోనిమ్మని పైన దుప్పటి కప్పమన్నాను. తలపోటు మాత్ర అవసరం తగ్గిందని రెండు నెలల తరువాత తనే చెప్పింది.

యాభై తొమ్మిదవ ఏట నా మోకాళ్లు మొరాయించాయి. పద్మాసనం వేయలేకపోయాను. దీనిని ఆరునెలలు దాచిపెట్టాను. తరగతి మొదలవకముందే వచ్చి దుప్పటి కప్పుకొని కూర్చునేవాడిని. యోగసూత్రాలు సుమారు 195 ఉండగా, ఆసనాన్ని గురించినవి మూడు మాత్రమే. అందులోనూ స్థిరంగా సుఖంగా ఉండవలెనన్నదే మొదటి మాట. ఇది ఇతరులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చివరకు మాస్టారే, "మీరూ ఒక కుర్చీ వేయించుకోండి, నా పక్కన ఖాళీ ఉంది" అన్నారు. ఆనాటినుండి కుర్చీలోనే కూర్చొని చెబుతున్నాను. వేసి చూపే శక్తి లేకపోవడంతో, ఏ కండరం సడలించాలో ఏ వైపు బరువు మోపాలో మాటలలో చెప్పవలసి వచ్చింది. నేను వేసి చూపిన కాలంలో అందరూ నన్ను అనుకరించేవారు. ఇప్పుడు ఎవరి శరీరం వారు వెతుక్కుంటున్నారు. మోకాళ్ల నొప్పికి మహానారాయణ తైలం మర్దన చేసుకుంటున్నాను. అది వేరే సంగతి.

నేర్పదలచినవారికి

2015 నుండి జూన్ 21న అంతర్జాతీయ యోగ దినోత్సవం జరుగుతున్నందువల్ల నేర్చుకోవాలనే కోరిక ఊరూరా పెరిగింది. మంచిదే. కొద్దివారాల శిక్షణతో సర్టిఫికెట్లు కూడా దొరుకుతున్నవి. అవి అక్కరలేదని అనను. అయితే సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది గాని, ఎదుట కూర్చున్నవారి కంటిలో ఏ మందు పడుతున్నదో అడగదు. మొదట తరగతి పెట్టకండి. ఇంట్లోనో పక్కింట్లోనో ఒక్కరిని ఎంచుకొని నలభై రోజులు చెప్పండి. అత్తగారో వదినగారో అయితే మరీ మంచిది. మొహమాటం లేకుండా మీ తప్పు మీ ముఖానే చెబుతారు.

ఉదయం కాలకృత్యాలు ముగిసి, కడుపు ఖాళీగా ఉన్నవేళ మేలు. సాయంకాలమైతే భోజనం చేసి మూడు నాలుగు గంటలు గడవవలెను. తాడాసనంలో నిలబడుట, వెల్లకిల పడుకొని ఒక్కొక్క మోకాలిని పొట్టవైపు తెచ్చుకొనుట, కూర్చొని శ్వాస, చివర శవాసనం - ప్రారంభానికి ఇంతకంటె అక్కరలేదు. శ్వాస నాలుగు లెక్కించేంతసేపు తీసుకొని, ఆరు లెక్కించేంతసేపు విడవమనండి. బిగబట్టడం వద్దు. అధిక రక్తపోటు, నీటికాసులు, మెడ ఎముకల బాధ ఉన్నవారికి శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం చెప్పకూడదు. గర్భిణులకు, గుండెజబ్బు, రక్తపోటు, హెర్నియా, మూర్ఛ ఉన్నవారికి కపాలభాతి, భస్త్రిక చెప్పకూడదు. వాడుతున్న మందులు ఆపమని మీరు ఎన్నడూ చెప్పవద్దు. ఆ అధికారం వారి వైద్యునిది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చూపు మసకబారడం కనబడితే ఆ రోజుకు పాఠం ముగించి, వైద్యుని వద్దకు పంపండి. మీ మనస్సులో గర్వం గాని విసుగు గాని పుట్టిన రోజున దానిని కూడా ఆ వ్యక్తి పేజీలోనే వ్రాసుకోండి. నేను వ్రాసుకుంటాను. ఆ పుస్తకాలు ఇప్పుడు తొమ్మిది అయినవి.

దుప్పటి కప్పుకొని నిద్రపోయిన ఆ గృహిణి, అత్తగారు కాలం చేసిన తరువాత, తన వీధిలో ఆరుగురు ఆడవారికి నేర్పడం ప్రారంభించింది. ఒకనాడు చూసి రావడానికి వెళ్లాను. నేను ఏళ్ల తరబడి చివర పెట్టిన శవాసనాన్ని ఆమె మొదట పెట్టింది. ఉండబట్టలేక, "అదేమిటమ్మా, వరుస మార్చావు?" అన్నాను. "ఇంటి పనిలోంచి పరుగెత్తుకొచ్చినవాళ్లండీ బాబాయిగారూ, ముందు కాసేపు పడుకోకపోతే వీళ్లకి ఏదీ ఎక్కదు" అన్నది. లోపల ఒక్క క్షణం చివుక్కుమన్న మాట నిజం. ఇంటికి వచ్చి పుస్తకం తీసి, ఆమె పేజీలో ఆ చివుక్కుమన్నదీ వ్రాశాను, ఆమె చెప్పిన కారణమూ వ్రాశాను.

అప్పటినుండి వీలైన శనివారాలలో అక్కడికి వెళ్లి, చివరి వరుసలో ఒక కుర్చీలో కూర్చుంటున్నాను. పోయిన వారం అందరి మధ్యా నడుస్తూ వచ్చి నా వెనుక ఆగి, "భుజాలు బిగబట్టారు, వదలండి బాబాయిగారూ" అన్నది. వదిలాను.